ఆమె నేర్చుకున్న తెలుగు

అల్ ఐన్ బస్టాండులో ఒక మధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డాను. పక్కనే చక్రాల కుర్చీలో, పాదాల దాకా జారే నల్లటి అబాయా వేసుకున్న ఒక అరబ్ యువతి. కుర్చీ వెనక ఉన్న నడివయసు ఆవిడ ఫోనులో మాట్లాడే తీరు విని, నిజామాబాద్ వైపు మనిషని పోల్చుకున్నాను. ఇక్కడ మన భాష ఎవరికి తెలుస్తుందిలే అన్న ధీమాతో, "పాపం, ఈమెకి ఏమైంది అక్కా?" అని అడిగేశాను.

అక్క కుర్చీ వైపు చూసింది.

"నన్ను అడుగు," అంది ఆ యువతి తెలుగులో. "చిన్నప్పటి సంది కాళ్లు నడవయి. చేతులల్ల బలం తక్కువ. పాపం అనకు."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "తెలుగు ఎలా వచ్చింది?" అన్నాను.

"నన్ను ఎట్ల లేపాలె, ఎప్పుడు ఆగాలె, నేనే చెప్పాలె గద. అక్కకు అరబీ వచ్చేదాంక నేను ఆగలే."

"నాకు జీతం సర్కారు ఇస్తది," అంది అక్క. "పని మాత్రం ఈమె చెప్పినట్టే. అడగకముందే ముట్టుకుంటే ఖలాస్, ఆ దినమంత కోపమే."

బస్సు వచ్చింది. డ్రైవరు ర్యాంపు దించి, "యల్లా, జల్దీ," అని అక్కని తొందరపెట్టాడు. అక్క కదల్లేదు. చక్రానికి చుట్టుకోబోతున్న అబాయా అంచును ఆ యువతి రెండు వేళ్లతో కొద్దికొద్దిగా పైకి లాక్కుంటోంది. నేను వంగబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. వెనక వరుసంతా ఎండలో ఆగింది.

అంచు ఒళ్లోకి వచ్చాక ఆ యువతి తలెత్తి బస్సు వైపు చూసింది.

"ఇగ నూకు," అంది.