మగ్గాల దగ్గరికి నడిచిన కథ

నేను హిందూపురంలో సండే స్కూలు టీచర్ని. పోయిన క్రిస్మసుకు వీధి ఆరాధనలో మైకు ఆగిపోయినా గొంతెత్తి వాక్యం చదివాను. ఆ రోజు బంధువులింటికి వచ్చి అది విన్న ధర్మవరం లైబ్రేరియన్ సుజాత మొన్న నవంబరులో ఫోన్ చేసింది.

"మూడు ఊళ్ళ లైబ్రరీల్లో యుద్ధకాలం కథ ఒకటి చదివి, మన పక్క పూర్వం జనం ఎట్ల చదివేవాళ్ళో చెప్పాలక్కా. మా ఊర్లో ఈసారీ మనుషులు రాకపోతే కథల బీరువాలు స్టోర్ రూముకు పోతాయి. పరీక్షలకు చదివే పిల్లోళ్ళకు బల్లలు వేసేదానికి చోటు చాల్లేదంట. శనివారం ఆఫీసరు వస్తాండాడు."

కథలు అబద్ధాలని మా సంఘంలో కొందరంటారు. ప్రభువే విత్తువాని కథ చెప్పాడు కదా అని నేనంటాను. సుజాత తన బీరువాలోంచి పంపిన కథల పుస్తకాన్ని బైబిలు పక్కనే సంచిలో సర్దుకుని, శుక్రవారం ఉదయం ప్రార్థన ముగించి ఉత్సాహంగా బయలుదేరాను.

పది గంటలకు హిందూపురంలో మొదటి సభ. హాలు నిండింది. కథలో మన సీమ సిపాయి ఒకడు బర్మా అడవిలో ఉంటాడు. రాగిపిండి దొరక్క గోధుమపిండితో సంగటి కెలుకుతాడు. జిగురై గరిటె ఊడి రాదు. దళమంతా నవ్వుతుంది. జనం కూడా నవ్వారు. నేను సంతోషం పట్టలేక చివర్లో అలవాటుగా "ఆమేన్" అనేశాను.

వెనక వరుసలో పెద్దాయన లేచాడు. "సిస్టర్, నేను దుడ్లు తేలేదు. కానుకల సంచి నాకాడికి తిప్పొద్దు!"

హాలంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

పన్నెండున్నరకు పెనుకొండ బస్సు. కిటికీ పక్కన సీటు దొరికితే కుడివైపు కూర్చోండి, ఆ వేళ ఎండ తక్కువ. బస్టాండు దగ్గర సంగటి, పప్పు తిని, మూడు గంటలకు కొండ నీడలో ఉన్న లైబ్రరీకి చేరాను. బల్లలన్నీ పోటీ పరీక్షల గైడ్లతో నిండి ఉన్నాయి. రెండు పేజీలు చదివానో లేదో, ఒకమ్మాయి మెల్లగా అంది: "మేడమ్, ఆదివారం పరీక్ష ఉండాది. ఏమనుకోవద్దు."

ఏమనుకోను? ఆ పిల్లల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వరండాలోకి వెళ్ళి ముగ్గురు విశ్రాంత టీచర్లకు చదివి వినిపించి, నాలుగున్నరకు ధర్మవరం బస్సెక్కాను.

ఆరుగంటలకు ధర్మవరం. సుజాత యాభై కుర్చీలు వేయించింది. ఆరున్నర దాటినా ఒక్కరూ రాలేదు. ఆమె ముఖం చూడలేకపోయాను. "అంతే అక్కా. రేపు బీరువాలు పోతాయి," అంది.

బయట వీధిలోంచి మగ్గాల చప్పుడు టకటకా వినిపిస్తోంది. జనమంతా అక్కడే ఉన్నారు, పనిలో. పడవల దగ్గర వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళను ప్రభువు మందిరానికి పిలవలేదు, తానే నడిచి వెళ్ళాడు. పుస్తకం పట్టుకుని లేచాను. "రా సుజాతా," అన్నాను.

వీధి మలుపులో నాలుగు మగ్గాలున్న పొడవాటి ఇల్లు. గడప దగ్గర తొంభై ఏళ్ళ అవ్వ ఒకామె కండెలకు పట్టు చుడుతోంది. విషయం చెప్పాను.

"కథకు మమ్మల్ని కుర్చీల కాడికి పిలుస్తారా?" అంది అవ్వ నవ్వుతూ. "ఇది మా నాయన ఇల్లే. ఆయన కాలంలో చదివేటోడే మగ్గాల కాడికి వస్తా ఉండె. అదో, ఆ కిటికీ కాడ కూచునేటోడు. యుద్ధం కతలన్నీ నేను ఆడనే విన్యా. కూచో, గట్టిగా చదువు."

కిటికీ అరుగు మీద కూర్చుని, చప్పుడును మించి చదివాను. సంగటి కెలికే చోట మగ్గాల మీదున్న నలుగురూ నవ్వారు. సిపాయి గుడారం మీదికి విమానాలు వచ్చే చోటికి చేరేసరికి నాకే ఆత్రం ఎక్కువైంది. పేజీ తిప్పి దూసుకుపోతున్నాను.

"ఆపమ్మా!" అవ్వ చెయ్యెత్తింది. "మా కోడలి పోగు తెగిండాది. కనపడ్లేదా?"

మూలమగ్గం మీద కోడలు వంగి పోగు ముడేస్తోంది. మిగతా మగ్గాలూ ఆగాయి.

"ముడేసేటప్పుడు దానికి మనసు కథ మీద ఉండదు. ఒకరి పోగు తెగినా అందరికీ కథ ఆగాల. మా నాయన కాలం నుంచీ అంతే."

కోడలు తలెత్తింది. "అయ్యింది. విమానాల కాన్నుంచి చెప్పక్కా. ఆయప్పకు ఏం కాలేదు కదా?"

తొంభైతొమ్మిది గొర్రెలను విడిచి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళిన కాపరి నా కళ్ళ ముందు మెదిలాడు. ఎంతోమంది ప్రసంగీకులు చెప్పగా విన్నాను గాని, ఒక్కరి కోసం అందరూ ఆగడం ఎలా ఉంటుందో ఆ మగ్గాల ఇంట్లో చూశాను. విమానాల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

ఎనిమిదింటికి మగ్గాలు ఆగాయి. సిపాయి ఇల్లు చేరాడో లేదో ఇంకా తేలలేదు. చదవబోతే అవ్వ ఒప్పుకోలేదు. "ఈడ ఆపు. రేపు మగ్గమెక్కేదానికి ఆశ ఉండాల కదా!"

పుస్తకం సుజాత చేతికిచ్చాను. రాత్రికి అక్కడి చర్చి గదిలో బస. చాప, దుప్పటి వాళ్ళే ఇస్తారు. ముందుగా పాస్టరుగారికి చెబితే చాలు.

శనివారం తొమ్మిదింటికి, రైలుకు ముందు లైబ్రరీకి వెళ్ళాను. ఆఫీసరు బీరువాల ముందు నిలబడి ఉన్నాడు. సుజాత బీరువాల తాళాలు తీస్తోంది. అంతలో అవ్వ కోడలు, పక్కిళ్ళ ఆడవాళ్ళు ఐదుగురు లోపలికి వచ్చారు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"సిపాయి కథ పుస్తకం సార్. మా ఇంటాయనకు సదువొస్తాది, మగ్గాల కాడ సదువుతాడు. అయిపోతే ఇంకోటి."

"ఇంకోటా?"

"బీరువా నిండా ఉండాయి కదా సార్!"

ఆయన సుజాత వైపు తిరిగాడు. "కొత్త బల్లలు వరండాలో వెయ్యండి. బీరువాలు ఈడనే ఉండనీ," అన్నాడు. సుజాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను స్తోత్రం అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పదకొండింటి రైలు ఎక్కాను. ధర్మవరం వెళ్ళేవాళ్ళు చీరలు చూడండి, తప్పులేదు. మగ్గాల ఇంట్లో కిటికీ దగ్గర కాసేపు కూర్చోండి, చేతిలో ఒక కథ ఉంటే ఇంకా మేలు. సీమలో చదువు ఎక్కడ బతికుందో అక్కడే తెలుస్తుంది.

ఎదురుసీటులో కూరగాయల గంపతో ఉన్నామె నా బొంగురు దగ్గు విని, సంచిలో బైబిలు చూసి అడిగింది: "గొంతు అంతా పోయిండాదే. వాక్యం చెప్పొస్తాండావా?"

"కథ చదివి వస్తున్నానమ్మా."

"ఏం కథ?"

"బర్మాలో సంగటి కెలికిన సిపాయి కథ."

ఆమె గంపను కాళ్ళ కిందికి తోసి, ముందుకు వంగింది. పక్కనున్న ఇద్దరు ఫోన్లు పక్కన పెట్టారు. పుస్తకం లేదు, గొంతూ సగమే ఉంది. హిందూపురం ఇంకా దూరం. మొదలుపెట్టాను.