మందా సిస్టర్ మాట

బాభుళ్‌వాడిలో మందా సిస్టర్ మాటకు ఎదురు లేదు. ఆ ఊరి ఆడవాళ్ల కొంప ముంచింది కూడా ఆ మాటే.

మందాకిని చెరకు తోటలో పుట్టింది. ఆమె తల్లి అక్కడే కాన్పయి, వారం తిరగకుండానే మళ్లీ కత్తి పట్టింది. అక్కడి లెక్కలో ఆలుమగలిద్దరూ కలిసి ఒక కోయ్తా, అంటే చెరకు కొట్టే కత్తి. దసరాకు ముందు కూలీలను కుదిర్చే ముకాదం వచ్చి బయానా ఇచ్చేది మనుషులకు కాదు, కత్తులకు. కత్తిలో సగం జ్వరమొచ్చి పడుకుంటే మొత్తం కత్తికి జరిమానా వేస్తాడు. ఆడదానికి నెలనెలా వచ్చే కడుపునొప్పి ఆ లెక్కకు అర్థం కాదు. దీపావళి వెళ్లగానే ఊరు ఊరంతా లారీలెక్కి పడమటి చక్కెర ఫ్యాక్టరీల వైపు పోతుంది. ముసలివాళ్లూ కుక్కలూ మిగులుతారు.

అలాంటి ఇంట్లోంచి వచ్చి నర్సు చదువు చదవడం మాటలు కాదు. బడిలో వాళ్ల టీచరమ్మ ఒకటే మాట పదేపదే చెప్పేదట: "రోగం వచ్చినంక పోయేటోళ్లు దవాఖాన నర్సులు. రోగం కన్నా ముందు గడప తొక్కాల్సింది మీరు." మందా ఆ మాటను కొంగున ముడేసుకుంది. ఉద్యోగం తమ ఊళ్లోనే పడితే పండగ చేసుకుంది.

పండగ ఎన్నాళ్లో సాగలేదు. సూది సంచీ కనబడగానే తలుపులు మూసుకునేవారు. పొరుగింటి కూర రుచి గానీ పొరుగింటి పిల్ల చెప్పే బుద్ధి రుచించదు కదా. మందా సంచీ ఇంట్లో పడేసి ఉత్త చేతులతో తిరగడం మొదలుపెట్టింది. ఒకరింట్లో జొన్న భాకరీలు తట్టింది, ఇంకొకరింట్లో పిల్లల తలలో పేలు తీసింది. కబుర్లాడుతూనే నీళ్లకుండ మీద మూత ఉందో లేదో, బాలింత కంచంలో ఏం వడ్డిస్తున్నారో చూసేది. ఎవరినీ ఇది చెయ్యమని గదమాయించేది కాదు. "ఇట్ల చేస్తే మీకెట్లుంటది?" అని అడిగేది. ఏళ్లు గడిచాయి. చెరకు కత్తితో బొడ్డు కోయడం పోయింది, దానితో వచ్చే ధనుర్వాతం పోయింది. పసిపిల్లల చావులు ఊళ్లో అరుదయ్యాయి. సూదికి భయపడి పరిగెత్తిన ముసలమ్మలే, "మందా చెప్పిందా? అయితే అడగనక్కరలేదు" అనే దాకా వచ్చారు.

అలా ఊరు చేతికి వచ్చాక పైనుంచి రంగురంగుల బొమ్మల పటాలు దిగాయి. క్యాన్సర్ గురించి ఆడవాళ్లకు చెప్పాలన్నారు. అంగన్‌వాడీ వరండాలో మందా ఆ బొమ్మలు తిప్పుతూ మనసు పెట్టి చెప్పింది. తెల్లబట్ట అవుతుంటే దాచుకోవద్దని, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చని, వెంటనే డాక్టరుకు చూపించుకోవాలని. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ చూపించుకునే చోటే లేదు. తాలూకా దవాఖానాలో ఆడడాక్టరు లేదు, మగడాక్టరు ముందు ఈ ఆడవాళ్లు చీర మడత కూడా కదపరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, భయం మాత్రం సర్కారు పంచింది, మందు బస్టాండు పక్కన అద్దాల తలుపుల డాక్టరు పంచాడు. ఆయన దగ్గర మిషను ఉంది. మిషను పెట్టి చూసి అందరికీ ఒకటే చెప్పేవాడు: గర్భసంచి కుళ్లింది, రేపో మాపో క్యాన్సర్ అవుతుంది, తీయించెయ్యి.

మొదట వెళ్లింది గంగూబాయి. ఆమె వెనుక వీధి మొత్తం. సంచి పోతే ముట్టు లేదు, ముట్టు లేకపోతే నాగా లేదు, నాగా లేకపోతే జరిమానా లేదు. ముకాదానికి అంతకంటే కావాల్సిందేముంది? ఆపరేషన్ ఖర్చు నేనే బయానాలో కలిపేస్తానన్నాడు. మందాకు సంగతి బోధపడేసరికి చేతులు కాలిపోయాయి. ఆకులు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. నలభై దాటకుండానే ఒళ్లంతా ఆవిర్లు, ఎముకలు గుల్లబారి నడుము ఒంగిపోవడం, ఇవన్నీ చెప్పింది.

"చూపించుకోమన్నది నువ్వే, వద్దంటున్నది నువ్వే," అన్నారు వాళ్లు. "ఏ మాట పట్టుకోమంటవ్?"

మందా తర్వాతి గడప ఎక్కితే అక్కడా అదే మాట ఎదురైంది.

ఈ ఏడు దసరా ముందు వంతు గంగూబాయి కోడలికి వచ్చింది. పేరు వైజంతా. ఇంకా ముప్పై నిండలేదు. ఆమె రెండు కాన్పులూ మందా చేతుల మీదుగానే జరిగాయి. ఈ ఒక్క పిల్లనయినా కత్తికి దూరంగా ఉంచాలని మందా పంతం పట్టింది.

"గది క్యాన్సర్ కాదే తల్లీ," అంది వాళ్ల వసారాలో కూర్చుని. "తోటల బట్టలు మార్చుకుందామంటే చాటు లేక, కడుక్కుందామంటే నీళ్లు లేక వచ్చిన పుండు. గోలీలు మింగితే పోతది. నువ్వు మింగాలె, దగడూ మింగాలె, లేకుంటే మల్ల అంటుకుంటది."

గడప మీద బీడీ కాలుస్తున్న వైజంతా మొగుడు దగడూ పకపక నవ్వాడు. "నేనా? నాకేమన్న తెల్లబట్ట అయితున్నదా సిస్టర్?"

"నీకు సిగ్గయితే చాలు," అంది మందా.

గంగూబాయి పిండి చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చింది. ఆమె నడుము అప్పటికే కొడవలిలా ఒంగింది. "నాది తీసిండ్రు, సచ్చిన్నా? ఎందుకమ్మా దాన్ని బెదిరిస్తవ్?"

"నీ నడుము చూస్కో గంగూబాయీ. నీ తల్లి నీకన్నా నిటారుగ నడుస్తది."

"చెరుకు మోపు మోస్తే ఎవల నడుమైనా ఒంగుతది."

వైజంతా మాత్రం మందా ముఖంలోకే చూస్తోంది. "నువ్వు మాకు ఎన్నడూ అబద్ధం చెప్పలే సిస్టర్. గందుకే భయమైతున్నది. నిజంగ అదయితే నా పిల్లలను ఎవరు చూస్తరు?"

తాలూకా దవాఖానాకు కొత్తగా డాక్టరమ్మ వచ్చింది, గురువారం గురువారం కూర్చుంటుంది. ఆమె చూసి క్యాన్సర్ కాదంటే ఆపరేషన్ మాటే ఎత్తకూడదని మందా ఒట్టు వేయించుకుంది. వైజంతా వేసింది. దగడూ కూడా, పోనీ, అన్నాడు.

గురువారం ఆడవాళ్లిద్దరూ బస్సెక్కారు. వైజంతా పండక్కి కొన్న చీర కట్టుకుంది. దారి పొడుగునా మందా చెయ్యి వదల్లేదు. తీరా వెళ్తే డాక్టరమ్మ కుర్చీ ఖాళీ. ఆమెను ఎక్కడో శిబిరానికి పంపించారట, వచ్చే గురువారం రమ్మన్నారు. మందా చీటీలు రాసే గుమాస్తా మీద విరుచుకుపడింది. పాపం అతను మాత్రం ఏం చేస్తాడు, కుర్చీలో కూర్చోబెట్టడానికి డాక్టరు అతని జేబులో ఉందా? తిరుగు బస్సులో అద్దాల తలుపులు కనబడ్డాయి. వైజంతా వాటినే చూస్తూ కూర్చుంది.

"ఒక్క వారం ఓపిక పట్టు," అంది మందా.

"పడత," అంది వైజంతా.

మరుసటి గురువారం మందా బస్సు ఆగే చోట నిలబడింది. బస్సు వచ్చింది, వైజంతా రాలేదు. నీళ్లకు పోతున్న పక్కింటామె చెప్పింది: "నిన్ననే తీస్కపోయిండ్రు. ముకాదం జల్ది చెయ్యమన్నడట. లారీ ఎక్కేటాళ్లకు కుట్లు ఆరాలె గద."

ఆ గురువారం డాక్టరమ్మ వచ్చింది. రోజంతా కూర్చుంది కూడా.

మందా మనసు విరిగిపోయింది. కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. దగడూ మీదా, అద్దాల డాక్టరు మీదా, ఖాళీ కుర్చీ మీదా, అందరి మీదా వచ్చింది, చివరికి తన మీదికే తిరిగింది. వీళ్లు తనను నమ్మకపోయి ఉంటే బాగుండేది అనుకుంది. ఉద్యోగంలో చేరిన నాడు తలుపులు మూసిన ఆ ముసలమ్మలే నయం అనుకుంది. అయినా కుట్లు చీము పడితే చూసే దిక్కు తానే. రోజూ వెళ్లి గాయం కడిగి కట్టు కట్టింది. వైజంతా నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకునేది. మందా ఏమీ అనలేదు. అయిపోయిన దానికి తిట్టి ఏం లాభం?

దీపావళి వెళ్లిన రెండో రోజు లారీ వచ్చింది. కుండలు, గోనెలు, మేకపిల్లలు ఎక్కించారు. వాటి మధ్య వైజంతా పొట్ట మీద చెయ్యి అదిమి పట్టుకుని కూర్చుంది. ఆరేళ్ల కూతురు కావేరి ఆమె ఒళ్లో ఉంది. మందా దూదీ, కట్టు గుడ్డలూ, మాత్రలూ మూట కట్టి అందించింది.

"బరువులు మొయ్యకు," అంది. ఆ మాట ఎంత పనికిమాలినదో అంటున్నప్పుడే తెలిసింది.

వైజంతా ఒంగి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ రుణం తీర్చుకోలేను సిస్టర్. నువ్వు గప్పుడు చెప్పకపోతే నా గతేందో. డాక్టరు అన్నడు, సరైన టైముకు వచ్చినవ్, పానం దక్కిందని."

లారీ కదలబోతూ కుదిపింది. వైజంతా కూతురి తల నిమురుతూ, ఏదో మరిచిపోయినదానిలా మళ్లీ ఒంగింది.

"ఒక్క మాట సిస్టర్. మా కావేరికి సంచి ఎన్నో ఏట తీపియ్యాలె?"

పిల్లకు సూది ఎప్పుడు వేయించాలని అంతకుముందు ఎన్నోసార్లు అడిగింది. ఇదీ అలాగే అడిగింది.