అత్తగారి చెయ్యి పడిన పాట

మొన్న ఆదివారం ఇక్కడ సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్‌లోని మా అబ్బాయి ఇంట్లో భోజనాలయ్యాక, మనవరాలు ఫోనులో ఎక్కడో నా పాట పట్టుకొచ్చి, "నానమ్మా, దిస్ ఈజ్ యూ, రైట్? కానీ ఎవరో చప్పుడు చేస్తున్నారు, సో నాయిసీ లా!" అని మూతి విరిచింది. ఆ చప్పుడు లేకపోతే ఆ పాటే లేదని చెప్పబోయి, అంత కథ వినే ఓపిక మన ఈడువాళ్ళకే ఉంటుంది కదా అని మీకు చెబుతున్నాను.

అప్పట్లో మేము క్లెమెంటిలో ఉండేవాళ్ళం. పక్క ఫ్లాట్‌లో ఐర్లండ్ నుంచి వచ్చిన ఒకాయన, పగలు యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, సాయంత్రం కాలితో నేల తాటిస్తూ ఫిడేలు వాయించుకునేవాడు. తమ సంప్రదాయ సంగీతాన్ని జనం ముందు వాయిస్తూనే రికార్డు చేసి ఆల్బమ్‌గా తేవాలని ఆయన బృందం తలపెట్టి, అతిథులుగా కొందరు గాయకులను పిలిస్తే, మా వంటింట్లోంచి వినబడే గొంతు పుణ్యమా అని అందులో నేనూ ఒకతెనయ్యాను. నా గొంతు మీద నాకెప్పుడూ అనుమానం లేదు. మా అమ్మ వడ్లు దంచుతూ పాడిన పాట ఆ రికార్డులోకి ఎక్కాలని మాత్రం గట్టి పట్టుదల పుట్టింది, ఎందుకంటే అమ్మ పోయాక ఆ పాట నా నోట్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

సెంబవాంగ్‌లో తెల్లదొరల నౌకాదళం నాటి పాత బంగళాలో, ఒక శనివారం మధ్యాహ్నం అందరం చేరాం. వాళ్ళ పద్ధతిలో పాట వచ్చేసరికి వాయిద్యాలన్నీ ఆపేసి, పాడేవారు ఒంటి గొంతుతో పాడతారు, వినేవారు కిక్కురుమనకుండా కూర్చుంటారు. అయితే నాకంటే ముందు పాడిన ఐర్లండ్ పెద్దాయన పక్కన ఆయన స్నేహితుడొకడు కూర్చుని, పాట అయ్యేదాకా ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పుతూనే ఉన్నాడు. అదీ వాళ్ళ ఆచారమేనట. ముందు వరుసలో ఉన్న మా అత్తగారు అదంతా కళ్ళార్పకుండా చూసి, నన్ను పిలవగానే, "ఓహో, పాడేవాళ్ళ పక్కన ఓ మనిషుండాలన్నమాట! పదవే, నేనున్నాగా" అంటూ కుర్చీ ఈడ్చుకుని నా పక్కకు వచ్చేశారు. నేను పాట ఎత్తుకున్నానో లేదో, ఆవిడ అరచెయ్యి తన తొడ మీద రోకటిపోటులా పడడం మొదలైంది.

రికార్డింగు చూసే ఆయన మొహం చిట్లించాడు. ఆ చప్పుడు లేకుండా మరోసారి పాడమనీ, లేకపోతే ఈ పాట ఆల్బమ్‌లో చేర్చడం కుదరదనీ మర్యాదగానే అన్నాడు. ఇంగ్లీషు రాకపోయినా సంగతి అర్థమై, అత్తగారు చెయ్యి కొంగులో దాచుకున్నారు. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. అమ్మ పాట దక్కదేమోనన్న బెంగ ఉన్నా, దంపుడుపాటకు పోటు లేకుండా పాడను, ఉంటే ఇద్దరం ఉంటాం, లేకపోతే ఇద్దరమూ ఉండమని ఖరాఖండిగా చెప్పేశాను. ఫిడేలు ఆయన పకపకా నవ్వి, అయితే ఆవిడ ఒడి దగ్గర కూడా ఒక మైకు పెట్టండన్నాడు. రెండోసారి అత్తగారు కుచ్చిళ్ళు సర్దుకుని మరీ వేశారు తాళం! సీడీ అట్ట మీద నా పేరు పక్కనే ఆవిడ పేరూ అచ్చయింది.

అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటి పాటలు కడిగిన ముత్యాల్లా ఉంటాయి, కాదనను. ఎవరి గదిలో వాళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాడి పంపిస్తారు, ఒక దగ్గయినా వినబడదు. అంత శుభ్రమైన పాట విన్నప్పుడల్లా, అయ్యో, ఈ పిల్ల పక్కన కూర్చోవడానికి ఇంట్లో ఎవరూ లేరా అనిపిస్తుంది.