ఒక గుర్రానికి నూటయాభై గుర్రాలు

జోల్చుబెక్ లారీ తోలిన రోజుల్లో దాని నీడ దానితో సమానంగా పరుగెత్తలేక దారిలోనే చతికిలబడేదట. లారీ ఇంటికి చేరి, ఇంజను చల్లారి, జోల్చు రెండో గిన్నె చాయ్ తాగుతుంటే అప్పుడు రొప్పుకుంటూ గేటు తోసుకుని వచ్చేదట. కెరెగె కనుమ కిందున్న చాయ్ దుకాణంలో ఈ మాట అతను వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. విన్నవాళ్లెవరూ నమ్మలేదు. అలాగని మధ్యలో లేచి వెళ్లినవాళ్లూ లేరు.

అయితే అతని బతుకులో నిజంగా జరిగిన వింత ఒకటుంది. దాన్ని మాత్రం తనంతట తాను ఎత్తడు. ఎవరైనా ఎత్తితే చాయ్ గిన్నెలోకి చూస్తూ కూర్చుంటాడు.

చదువు ఎనిమిదో తరగతితో సరి. "పని అంటే ఏమిటి?" అని ఫిజిక్స్ మాస్టారు అడిగితే, "మా నాన్న చేసేది, మీరు చెయ్యనిది" అన్నాడు. మాస్టారు తలుపు చూపించారు. ఆ తలుపులోంచి బయటికొచ్చినవాడు తిన్నగా ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం వాళ్ల షెడ్డుకెళ్లి, నీలం లారీ కింద దూరాడు. మళ్లీ బయటికొచ్చేసరికి మీసం వచ్చేసిందని ఊళ్లో అనేవాళ్లు.

ఆ నీలం లారీకి తొంభై గుర్రాల బలం. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందటి గొణుగుడు ఇంజను. పాటలు పాడేది కాదు, పరుగులు తీసేది కాదు. జూన్ వస్తే చాలు, లోయలోని ఇళ్లన్నీ గుడారాలు, ఉన్ని దుప్పట్లు, పెట్టెలు, ఇనప పొయ్యిలతో సహా దాని వీపెక్కేవి. అది తలొంచుకుని కనుమ దాటించి, పైన ‘జైలో’ అనే వేసవి మేతభూముల్లో దింపేది. క్షేత్రం విడిపోయి ఎవరి వాటా వాళ్లు పంచుకున్న ఏడు, అందరూ గొర్రెలు అడిగారు. జోల్చు లారీ అడిగాడు.

"గొర్రెలైతే పిల్లలు పెడతాయిరా" అంది బురుల్చా. ఆమె అతని పెదనాన్న కొడుకు ఎసెన్ భార్య, అంటే వదిన. మరిదిని ఏడిపించడం వదినల జన్మహక్కు. ఆ హక్కుని ఆమె ఒక్కపూట కూడా వదులుకోలేదు.

"నా లారీ పెట్టదా? చూస్తూ ఉండు వదినా, వచ్చే వసంతానికి ట్రాక్టరు ఈనుతుంది."

ఈనలేదు సరికదా, ఓ నవంబరులో ఇంజన్లోని నీళ్లు దించడం మరిచిపోతే అవి గడ్డకట్టి ఇంజను పెంకు పగిలింది. తప్పు తనదే. అయితే ఊరికి చెప్పినప్పుడు మాత్రం, ఆ ఏడు చలికి ఇంజన్లేమిటి, పొయ్యిలో మంట కూడా గడ్డకట్టింది, విరిచి పక్కింటికి అప్పిచ్చాను అన్నాడు.

కింది ఊళ్లో పాత సామాన్లు అమ్మే ఒకడి దగ్గర ఓ కారు ఇంజను ఉందని తెలిసింది. దాని మీది రేకుపై నూటయాభై గుర్రాలు అని రాసుంది. జోల్చు దగ్గర ఇవ్వడానికి ఉన్నదల్లా బూడిదరంగు ఆడగుర్రం, దాని కింద పిల్ల. ఆ గుర్రం కూనగా ఉన్నప్పటినుంచి తన చేత్తో పెంచినది. దాని పాలతో పులియబెట్టిన కుమిస్ తాగితే ముసలివాళ్లు కూడా కుస్తీకి దిగేవాళ్లు. పిల్లతో సహా దాన్నిచ్చి ఇంజను తెచ్చాడు.

"ఒక గుర్రానికి నూటయాభై గుర్రాలు! ఈ లోయలో ఇలాంటి బేరం మీ తాతలు చేశారా?" అన్నాడు చాయ్ దుకాణంలో.

మూలన ఒమురాలీ తాత కూర్చున్నాడు. మేక కళేబరం కోసం గుర్రాల మీద కుమ్ములాడే ఉలాక్ ఆటకి గుర్రాలను తయారుచేయడంలో చెయ్యి తిరిగినవాడు.

"ఏ గుర్రాలురా?" అన్నాడు తాత.

"గుర్రాల్లో గుర్రాలే తాతా. నూటయాభై."

"పందెం గుర్రమా, ఉలాక్ గుర్రమా అని. పందెందానికి ముందు కాస్త దారి కావాలి. అందుకున్నాక దాన్ని గాలి కూడా పట్టుకోలేదు. ఉలాక్ గుర్రం అలా కాదు. చుట్టూ పది గుర్రాలు నొక్కేస్తుంటే, నిలబడ్డ చోటునుంచే బరువెత్తి లాగాలి. రెంటికీ నాలుగేసి కాళ్లే. కానీ ఒకదాని పని ఇంకోటి చెయ్యదు."

"తాతా, నీ గుర్రాలు గడ్డి తింటాయి, నావి పెట్రోలు తాగుతాయి. వీటికి నీ లెక్క పనికిరాదులే."

మొదట్లో తాతదే తప్పనిపించింది. ఉత్త లారీతో చదును రోడ్డు మీద జోల్చు యాక్సిలరేటర్ తొక్కితే కోళ్లు ఈకలు వదిలేసి పారిపోయేవి. అయితే ఊళ్లోవాళ్లు తాత మాటల్నే నమ్మారు. జూన్‌లో సామాన్లన్నీ వేరేవాళ్ల లారీలెక్కాయి. జోల్చుకి దొరికింది ఒకే ఒక్క బేరం, బురుల్చా వదినది.

"అందరూ వద్దన్నారు. మరిదివి కదా, నేనూ వద్దంటే నువ్వు ఏ రాయికి తల కొట్టుకుంటావో అని" అంది ఆమె.

ఎసెన్ ఇద్దరు చిన్న కూతుళ్లతో, గొర్రెలతో మూడు రోజుల ముందే మేకల దారిన బయల్దేరాడు. లారీ బయల్దేరిన రోజు పొద్దుగుంకే లోపు పైకి చేరతాడు. జూన్‌లో అయినా పైన మంచు పడని వారం ఉండదు. వాళ్ల తలమీదికి రావలసిన గుడారం నీలం లారీలో ఉంది. మిగతా లారీలన్నీ దాటేసి వెళ్లాయి, కిందికి దిగివచ్చేది ఎల్లుండే.

కనుమకి పదకొండు మలుపులు. రెండింటిని దూకుడుమీద ఎక్కేశాడు. మూడోది తిరగగానే అడ్డంగా దొర్లిన బండరాయిని తప్పించడానికి ఆగాడు. అంతే. మొదటి గేరులో క్లచ్ వదిలితే ఇంజను టక్కున ఆగిపోయింది. గట్టిగా తొక్కి వదిలితే గావుకేకలు పెట్టింది, చక్రం మాత్రం జానెడు కదిలి మొరాయించింది. క్లచ్ ప్లేటు మాడిన వాసన లోయంతా కమ్మింది.

ఇంజను అరిస్తేనే నూటయాభై గుర్రాలు. నిలబడ్డ చోట, నిదానంగా తిరిగేటప్పుడు దాని లాగుడు పాత తొంభైలో సగం లేదు. పైగా పైకెక్కే కొద్దీ గాలి పలచన. మలుపుకి ఇన్ని గుర్రాల చొప్పున దిగి ఇంటికెళ్లిపోతున్నాయి.

బురుల్చా దిగి వెనక చక్రానికి రాయి పెట్టింది. "ఏమైంది మరిదీ? నూటయాభైకీ ఒకేసారి నమాజు వేళ అయిందా?"

జోల్చు తల బయటపెట్టి పైకి చూశాడు. మబ్బులు కనుమ మీదికి వంగుతున్నాయి. అతని నోట మాట రాకపోవడం ఆమె అదే మొదటిసారి చూడటం. ఎగతాళి ఆపేసింది.

"పిల్లలకి పలచటి కోట్లే వేశాను" అంది మెల్లగా.

"తిరిగి వెళ్దాం వదినా. ఎవరి కాళ్లో పట్టుకుని ఇంకో బండి తెస్తాను."

లారీ తిప్పాలంటే ఆ ఇరుకులో ముక్కు లోయ వైపుకి, తోక కొండ వైపుకి పెట్టి ముందుకీ వెనక్కీ కదపాలి. ముక్కు కిందికి తిరిగింది. కాస్త వెనక్కి జరపడానికి రివర్స్ గేరు వేసి, ఆగిపోతుందనే అనుకుంటూ క్లచ్ వదిలాడు.

లారీ ఎక్కింది. తోక ముందు పెట్టుకుని, గుర్రుగుర్రుమంటూ, అంగుళం అంగుళం.

జోల్చు బ్రేకు తొక్కి గేర్ రాడ్ వంక చూశాడు. వీల్ నట్టు బిగుసుకుంటే ఏం చేస్తాం? పానాకి పొడుగాటి గొట్టం తగిలిస్తాం. చెయ్యి అదే, బలం అదే. కాకపోతే గొట్టం పొడుగయ్యే కొద్దీ చెయ్యి ఎక్కువ దూరం తిరగాలి, నట్టు మాత్రం లొంగుతుంది. గేర్లన్నిట్లో పొడుగు గొట్టం మొదటిది అనుకుంటారు. ఈ లారీకి దానికన్నా పొడుగుది రివర్స్. చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను ఇంకా ఎక్కువ చుట్లు తిరుగుతుంది, అరవగలిగినంత అరుస్తుంది, ఆ అరుపంతా లాగుడవుతుంది. ఎనిమిదో తరగతి మాస్టారు ఇంకో వారం ఓపిక పట్టి ఉంటే ఇదే చెప్పేవారేమో.

"వదినా! రాయి పట్టుకో! పైకే వెళ్తున్నాం!"

"ముడ్డి ముందు పెట్టుకునా?"

"ముక్కు ముందు పెట్టుకుని ఏం సాధించాం?"

గుడారం మోపుల వల్ల అతనికి వెనక ఏమీ కనిపించదు. బురుల్చా లారీకంటే ముందు, అంటే వెనక, రాయి చంకలో పెట్టుకుని నడిచింది. ఆమె గొంతే అతని కళ్లు.

"ఎడమకి! నీ ఎడమ కాదు, నా ఎడమ! ఇంకొంచెం! ఆగు, ఆగరా, అక్కడ రోడ్డు లేదు, దేవుడున్నాడు!"

ఎనిమిది మలుపులు అలాగే. కనుమ ఎక్కేవాళ్లంతా పైనున్న ఆకాశం చూస్తూ ఎక్కుతారు. జోల్చు ఒక్కడే కింది లోయని చూస్తూ ఎక్కాడు.

పైన ఎసెన్ గొర్రెల్ని మందవేసి, పిల్లలిద్దరినీ తన కోటులో చుట్టి కూర్చున్నాడు. అప్పుడే మంచు పొడి రాలడం మొదలైంది. కనుమ అంచున లారీ తోక కనిపించింది. "నాన్నా, లారీ వెళ్లిపోతోంది!" అని చిన్నది ఏడుపు లంకించుకుంది. తీరా చూస్తే వెళ్లిపోతున్న లారీ అంతకంతకూ దగ్గరికి వస్తోంది. అందరూ కలిసి పొద్దుగుంకే లోపే గుడారం నిలబెట్టారు, పొయ్యి వెలిగించారు.

కొత్తగా వచ్చినవాళ్లకి మర్నాడు పొరుగు గుడారాలవాళ్లు విందు పెట్టడం ఆనవాయితీ. ఒమురాలీ తాత గుడారంలో మాంసం ఉడికింది. జోల్చు వంతు వచ్చేసరికి తాత లేచి, వీపు తిప్పి, చెయ్యి వెనక్కి చాచి కుమిస్ గిన్నె అందించాడు. తర్వాత ముసలమ్మ వీపు తిప్పి రొట్టె ఇచ్చింది. ఆ పూట జోల్చు మొహం చూసి ఒక్కరూ ఏమీ వడ్డించలేదు. వెనకనడక జోల్చు అన్న పేరు అక్కడ పడిందే.

"ఎక్కావు కదరా, అది చాలు" అన్నాడు తాత చివర్లో, ఇటు తిరిగి.

శరదృతువులో ఆ ఇంజను అమ్మేసి, తొంభై గుర్రాల గొణుగుడుది ఇంకోటి సంపాదించాడు. దానితో పంతొమ్మిదేళ్లు లోయనంతా ఎక్కించాడు, దించాడు. ఇప్పుడు కనుమ మీద తారురోడ్డు వేశారు. గేరు వేసే పని కూడా లేని కార్లు ఒంటిచేత్తో దాటేస్తున్నాయి. నీలం లారీ క్యాబిన్‌లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. అవి కూడా వెనక్కి తిరిగే పెడతాయని బురుల్చా అంటుంది.

మొన్న జూన్‌లో అల్లుడి కారులో పైకి వెళ్తూ ఆమె చాయ్ దుకాణం దగ్గర దిగింది. ఎసెన్ పోయి నాలుగేళ్లు. దుకాణంలో ఎవరో పాత కథ ఎత్తారు. జోల్చు ఎప్పట్లాగే గిన్నెలోకి చూస్తున్నాడు.

"ఇన్ని కోతలు కోస్తావు, ఆ ఒక్కటి చెప్పమంటే నోరు కుట్టేసుకుంటావేం మరిదీ? సిగ్గా?"

"సిగ్గేంటి వదినా." గిన్నె పక్కన పెట్టాడు. "కింది ఊరి పచ్చికలో నా బూడిద గుర్రం, పిల్లతో మేస్తూ ఉంది. ఎనిమిది మలుపులూ అదే కనిపించింది. ప్రతి మలుపుకీ ఇంకొంచెం చిన్నదవుతూ. చివరికి నువ్వుగింజంత అయింది. తర్వాత మబ్బు."

అతను చెప్పినదాన్ని అందరూ నమ్మేయడం అదే మొదలు.

బురుల్చా అతని గిన్నెలో చాయ్ నింపింది.

"ఇంకా నయం. అందరిలా ముందుకే ఎక్కి ఉంటే, ఆ కాస్తా చూసేవాడివి కాదు" అంది.