రాజవ్వను లోపలికి తెచ్చిన నర్సింహమ్మ

లక్డారంలో మంత్రసాని నర్సింహమ్మ నోరంటే అందరికీ హడలే. ఆ నోటికి మొగులయ్య ఇంట్లో పడినంత పని ఇంకెక్కడా పడలేదు. డెబ్బై నాలుగో సంవత్సరం మాట అది.

మొగులయ్య భార్య రాజవ్వకు గర్భసంచిలో క్యాన్సర్. పట్నం దవాఖానలో రేడియేషన్ కరెంటు పెట్టారు, లాభం లేకపోయింది. ముదిరిపోయింది, నొప్పికి ఈ మాత్రలివ్వండి, కనిపెట్టుకుని ఉండండి అని పంపేశారు. ఆ ఇంటి మహానుభావులు ఎంత బాగా కనిపెట్టుకున్నారో వినండి. నెత్తురు పోయే ఆడది ఆ ఇంట్లోకి రాకూడదు, ముట్టు మూడు రోజులూ పశువుల కొట్టంలో ఉండాలి. రాజవ్వకు నెత్తురు ఆగలేదు. అందుకని మూడు నెలలుగా బర్రెల పక్కనే ఆమె మంచం!

నర్సింహమ్మ రోజూ వెళ్లేది. పాత చీర గుడ్డలు ఉడకబెట్టి మార్చేది, ఒళ్లు తుడిచేది, మాత్ర మింగించి పక్కకు తిప్పి పడుకోబెట్టేది. పటాన్‌చెరు ఫ్యాక్టరీకి పోయే రాజవ్వ కొడుకు లింగం ముక్కు మూసుకుని కొట్టం దాటుతుంటే నర్సింహమ్మకు ఒళ్లు మండిపోయేది.

ఒకనాడు రాజవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, నొప్పి ఓర్సుకుంట. నా నడిమింట్ల పానం పోతే సాలు."

నర్సింహమ్మ తిన్నగా మొగులయ్య దగ్గరికి నడిచింది.

"రాజవ్వను లోపటికి తేవాలె."

"ముట్టుది ఇంట్లకెట్ల వస్తది? లోపట దేవుడున్నడు."

"ఆమెకు ముట్లుడిగి ఏడేండ్లాయె! అది రోగం. నీ కోడలు కమలకు ఎనిమిది నెలలు నిండినయ్. రాజవ్వ లోపట పండకపోతే నీ గడప తొక్క. పురుడు ఎవలు పోస్తరో సూస్కో."

చుట్టుపక్కల మరో మంత్రసాని లేదు. మొగులయ్య గొణుక్కుంటూనే మంచం లోపలికి, నడిమింటి గదిలోకి మోయించాడు.

రాజవ్వ తొమ్మిది రోజులు తన ఇంటి గోడల్ని చూస్తూ పడుకుంది. పదో రోజు నర్సింహమ్మ చేతి నీళ్లు తాగి కన్నుమూసింది. దినాలు కాగానే మొగులయ్య ఆ గదిని కడిగించి సున్నం వేయించాడు. అది చూసి నర్సింహమ్మ పళ్లు పటపటా కొరికింది.

ఆ వారమే కమలకు నొప్పులొచ్చాయి. నర్సింహమ్మ ఆమెను సరిగ్గా రాజవ్వ మంచం వేసిన చోటే పడుకోబెట్టి పురుడు పోసింది. మనవడని తెలిసి మొగులయ్య మురిసిపోతూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె నెత్తుటి చేతులతోనే బయటికి వచ్చింది.

"గిది గూడ నెత్తురే, మొగులయ్యా. నీ కోడల్ని కొట్టంలకు మోద్దామా?"