తోడు కెమెరా

పదకొండేళ్లుగా ఆవిడ ఇరుకు స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలే తీస్తోంది. పొద్దస్తమానం "గడ్డం పైకి, గడ్డం పైకి" అంటుందని వీధి వీధంతా "గడ్డంపైకి అక్క" అని పేరు పెట్టేసింది. ఆవిడేమీ నొచ్చుకోలేదు. నవ్వని మొహాలు చూసీ చూసీ విసుగెత్తిపోయింది, అంతే.

పెళ్లిళ్లు తీయాలని ఆవిడకి ఎంత ఆశో! చివరికి ఫంక్షన్ హాలు మేనేజరు తన కూతురి పెళ్లే ఆవిడ చేతిలో పెట్టాడు.

"బాగా తీస్తే మా హాల్లో పెళ్లిళ్లన్నీ నీకేనమ్మా. తేడా వచ్చిందా, మళ్లీ నా గుమ్మం ఎక్కొద్దు."

మొగుడూ పెళ్లాలిద్దరూ కెమెరాల కొట్టుకు వెళ్లారు. ఆయన చూపు తళతళలాడే కొత్తదాని మీద పడింది. ఆవిడ అదే ధరకు ఒకే రకం పాతవి రెండు బేరమాడింది.

"శుభమా అని పెళ్లికెళ్తూ పాత సామానేంటే?"

"మీ కొత్తది మధ్యలో మొరాయిస్తే పెళ్లి మళ్లీ చేసుకోమందామా? ఇవైతే ఒకదాని లెన్సు, బ్యాటరీ ఇంకోదానికి పనికొస్తాయి. ఒకటి పడుకుంటే రెండోది తోడుంటుంది."

టార్చి వేసి లెన్సుల్లో ఫంగస్ వెతికింది. ప్రతి మీటా నొక్కింది. కొట్టువాడి ప్రాణం తోడేసింది.

పెళ్లిరోజు రెండూ బుద్ధిగా పనిచేశాయి. పొద్దున పెళ్లికూతురి ఇంట్లో తోడు కెమెరాతో తీసి, అసలుదాన్ని హాలు కోసం దాచుకుంది. సాయంత్రం అయిదింటికి పిల్ల అత్తారింటికి కారెక్కేదాకా ఒక్క ఫొటో చెడలేదు.

మూడోనాడు మేనేజరు ఆగలేక స్టూడియోకే వచ్చేశాడు. ఆవిడ రెండు కెమెరాల ఫొటోలూ కలిపి, తీసిన టైము ప్రకారం వరసపెట్టి, తెర ఆయన వైపు తిప్పింది.

మొదటే హాలు వచ్చింది. ఇంట్లోవి ఏవి? ఆవిడ గబగబా ముందుకు జరిపింది. తెర మీద పెళ్లయింది, కారు కదిలింది, ఫొటోలోని మేనేజరు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ తర్వాతి ఫొటోలో అదే పిల్ల తడి జుట్టుతో వంటింటి గుమ్మంలో నిలబడి, నాన్న కప్పులోని టీ లాక్కుంటూ పకపకా నవ్వుతోంది.

తోడు కెమెరా గడియారం పన్నెండు గంటలు ముందుంది; పొద్దున ఆరైతే దానికి సాయంత్రం ఆరు. అన్నీ చూసిన మహాతల్లి అదొక్కటీ చూడలేదు! ఇక హాలు పెళ్లిళ్లకు నీళ్లొదులుకోవాల్సిందే అనుకుంది.

"అయ్యో, తారుమారయ్యాయండీ, ఒక్క నిమిషంలో సరిచేస్తాను."

"ఆగమ్మా," అన్నాడాయన. కారు ఫొటోకి వెనక్కి వెళ్లమన్నాడు, మళ్లీ ముందుకు రమ్మన్నాడు. అలా నాలుగుసార్లు చూశాడు.

"వచ్చే నెల హాల్లో ఆరు పెళ్లిళ్లున్నాయి, నువ్వే తియ్యి. వాళ్లందరికీ వరసగా పెట్టుకో. మా ఆల్బమ్‌లో మాత్రం మా అమ్మాయి ఇలాగే ఇంటికొచ్చెయ్యాలి."