నల్ల ఊలు సవరం

హైమావతి ఆంటీ సింగపూర్‌లో, బూన్ లేలోని తన ఫ్లాట్‌లో పధ్నాలుగేళ్లుగా సవరాలు కడుతోంది. తెనాలి నుంచి పొట్లాల్లో వచ్చే వెంట్రుకలను దువ్వి, కుదుళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు సర్ది, పాయలుగా దారంతో బిగిస్తుంది. ఒక్క పాయ తిరగబడినా మొత్తం విప్పి మళ్లీ కడుతుంది. నేను ఆ ఫ్లాట్‌లోనే ఒక గదిలో అద్దెకుంటూ ఎమ్మే చదువుతున్నాను.

ఏటా ఆంటీకి దొరికే పెద్ద పని ఒక్కటే: సెరంగూన్‌లో తారాదేవి గారు నడిపే డాన్సు స్కూలు వార్షికోత్సవానికి ఇరవై రెండు జడలు. తువాస్ ఫ్యాక్టరీలో అంకుల్ ఉద్యోగం పోయింది కాబట్టి ఈసారి ఇల్లు గడవాలంటే ఆ జడలే దిక్కు.

ఇంతలో నా క్లాస్‌మేట్ కుంబా ఆంటీ పని గురించి విని ఇంటికొచ్చింది. కుంబా ఆఫ్రికాలోని సెనెగల్ నుంచి వచ్చిన వొలోఫ్ తెగ అమ్మాయి. వాళ్ల అమ్మమ్మ పండుగలకు పెట్టుకున్న విగ్గు ఫొటో చూపించింది. నల్లరంగు వేసిన నారతో అల్లి, నుదుటి మీదకు పూసలు వేలాడదీశారు. అక్క పెళ్లికి తనకూ అలాంటిది కావాలంది. ఆంటీ ఫొటోను చాలాసేపు చూసి, "ఇదీ సవరమేగా" అని నల్ల ఊలు తెప్పించింది.

పోయిన శనివారం తారాదేవి గారు కూతురు అక్షరకు జడ సరిచూడటానికి వచ్చారు. ఆంటీ సవరం కలిపి సగం అల్లేసరికి కుంబా కూడా వచ్చింది. ఆంటీ లేచి, ఆమె తలచుట్టూ దారం పెట్టి కొలుచుకుని, మళ్లీ అక్షర జడ అందుకోబోయింది.

"చేతులు కడుక్కుని ముట్టుకో హైమా. ఆ తల ముట్టావుగా," అన్నారు తారాదేవి గారు, కుంబాకేసి నవ్వుతూ. తెలుగు రాని కుంబా తనూ నవ్వి హలో చెప్పింది. ఆ నవ్వులు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండిపోతోంది. నేను మాత్రం పుస్తకంలోకి తల దించుకున్నాను.

"మీ పాప తలకున్న సవరం ఎవరి జుట్టో తెలుసా మేడమ్?" అంది ఆంటీ.

"మనవాళ్లదేగా."

"మొక్కు తీర్చుకుని గుండు కొట్టించుకున్నోళ్లది. పది తలల జుట్టు కలిపితే ఒక సవరం. ఎవరూ పేరూ కులం చెప్పి ఇవ్వలా. మీకంత అంటు అయితే ఇదీ ఉండకూడదు."

ఆంటీ జడ విప్పింది. పాప జుట్టు ఒక్కటీ లాగకుండా, నెమ్మదిగా. సవరం తీసి తారాదేవి గారి ఒళ్లో పెట్టింది.

ఇరవై రెండు జడలూ లిటిల్ ఇండియాలో రెడీమేడ్‌గా కొనుక్కుంటామని ఆవిడ లేచారు. అక్షర మాత్రం కదల్లేదు.

"మమ్మీ, సే సారీ లా," అంది ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

కుంబాకు అర్థమైంది ఆ ముక్కే. సారీ దేనికని నన్ను అడిగింది.

నేను పుస్తకం మూశాను. ఆవిడ అన్న మాటను అక్షరం వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆవిడ అంతా వినాల్సి వచ్చింది. సారీ చెప్పలేదు. కూతురి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లారు.

కుంబా ముఖంలో నవ్వు లేదు. వెళ్లడానికి బ్యాగు తీసుకుంది. ఆంటీ ఆ బ్యాగు అందుకుని కుర్చీలో పెట్టి, అక్షర లేచిన పీట చూపించింది.

"కూర్చోమను," అంది నాతో. "కొలత ఇంకోసారి తీసుకోవాలి. ఇందాక నుదుటి మీద పూసలకు చోటు చూడలేదు."